బాగున్న చర్మం బాగోగులు

నా ఉద్యోగం తప్పులు పట్టడం. హోసూరులో ఒక బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ ముందు పదహారేళ్ళుగా నిలబడుతున్నాను. కాలరు ఒక్క కుట్టు పక్కకు పోయినా, జేబు మూల నూలంత వంగినా ఆ చొక్కా నా చేయి దాటి అట్టపెట్టెలోకి పోదు. ఎర్ర స్టిక్కర్ అంటించి వెనక్కి పంపుతాను. లైన్లో కుట్టేవాళ్ళకు నేనంటే పడదు. నాకూ వాళ్ళ కుట్టంటే పడదు. అలాంటిదాన్ని, నా ఒంటి మీద జరిగిన నాసిరకం పనిని నోరు మూసుకుని ఎలా పాస్ చేశానో చెప్పాలంటే ఇప్పటికీ మొహం చెల్లదు.

నాకు సోరియాసిస్ ఉంది. మోచేతుల నుంచి కిందికి, మోకాళ్ళ కింద, నడుము వెనక. చర్మం ఎర్రగా, మందంగా లేచి, పైన తెల్లటి పొలుసులు రాలుతుంటాయి. అంటుకునే జబ్బు కాదు. ఈ ముక్క ఎంతమందికి చెప్పానో. విన్నవాళ్ళందరూ అర్థమైనట్టు తలూపి, నేను తాగిన లోటా మాత్రం వేరుగా పెట్టారు. మా ఆడపడుచు ఒకసారి నేను లేచిన చాప దులుపుతూ, "వదినా, ఏమీ అనుకోవద్దు. పిల్లోళ్ళు ఉండారు గదా" అంది. నేనేమీ అనుకోలేదు. ఆమె గురించి అనుకోవాల్సినదంతా అంతకు చాలా ముందే అనుకుని ఉన్నాను.

పూతమందులు పనిచేయడం మానేశాక, కృష్ణగిరిలో చర్మం డాక్టరమ్మ లైట్ వైద్యం చేయించుకోమంది. ఆమె బెంగళూరు నుంచి గురువారం గురువారం ఒక ప్రైవేటు ఆసుపత్రికి వచ్చేది. అలాంటి మెషిను హోసూరులోనూ ఉంది, మా ఫ్యాక్టరీకి నడిచిపోయేంత దూరంలో. కానీ ఆ వీధిలో మా ఫ్యాక్టరీ ఆడవాళ్ళు తిరుగుతుంటారు. ఇన్నేళ్ళూ పొడుగు చేతుల జాకెట్ల కింద దాచుకున్నది వాళ్ళ కంట పడుతుందని నా భయం. అందుకని మొదటి షిఫ్టు రెండింటికి దిగగానే హోసూరులో బస్సెక్కి, కుందారపల్లిలో మా ఊరి స్టాపు కిటికీలోంచి వెనక్కి పోతుంటే చూస్తూ, కృష్ణగిరి దాకా పోయి, మళ్ళీ అదే దారిన వెనక్కి వచ్చేదాన్ని. వారానికి మూడుసార్లు. ఊళ్ళోవాళ్ళ తెలివిని ఎంచే నా తెలివి అలా ఉండేది.

మొదటి రోజు డాక్టరమ్మ చెప్పవలసినదంతా ఒక్క గుక్కలో చెప్పింది. "ఈ లైటు జబ్బున్న చోటికి మందు. బాగున్న చర్మానికి ఉత్త ఎండ. ముఖం కప్పుకోండి, మెడ, ఛాతీ కప్పుకోండి. కళ్ళకు అద్దాలు తప్పకుండా పెట్టుకోవాలి. లోపలికి పోయే ముందు ఒంటికి సెంటు, క్రీము ఏవీ వద్దు. ప్రతిసారీ ఒకే రకం గౌను వేసుకోండి. ఇన్నాళ్ళు కప్పిన చోటు ఒకనాడు ఉన్నట్టుండి తెరవకూడదు." చెబుతూనే తర్వాతి రోగి కాగితం దగ్గరికి లాక్కుంది. ఎందుకు తెరవకూడదో ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు.

మెషిను అంటే బీరువా అంత పెట్టె. లోపల నాలుగు పక్కలా నిలువుగా ట్యూబులైట్లు. తలుపు వేసి స్విచ్ నొక్కితే నీలంగా వెలుగుతాయి, పైన ఫ్యాను గుర్రుమంటుంది. దాన్ని నడిపే మనిషికి యాభై దాటి ఉంటాయి. అంతకు ముందు ఎక్స్‌రే గదిలో ఉండేవాడట. అక్కడ తన ఒంటికి సీసం పొదిగిన ఆప్రాన్ తగిలించుకోవడం మాత్రం బాగా తెలిసి ఉంటుంది. ఇక్కడ మెషిను పెట్టెలో నిలబడేది తను కాదు కనుక నిశ్చింతగా ఉండేవాడు. ఒక చేత్తో స్విచ్, ఒక చేత్తో ఫోను. కళ్ళద్దాలు ఒక్కటే జత. వాటి ఎలాస్టిక్ సాగి సాగి చివరికి తెగితే, ఎవరో మిఠాయి పొట్లానికి వేసిన రబ్బరు బ్యాండు ముడేసి పెట్టాడు.

ముఖం మీద నేను తెచ్చుకున్న మందపాటి తువ్వాలు చుట్టుకుంటుంటే ఆయనకు నవ్వొచ్చేది.

"ఏంటికమ్మా అంత భయం? ఇది ఎండే గదా. చేన్లో పని చేసేవాళ్ళం మనం. బాగుండే తోలుకి ఏమైతాది?"

"డాక్టరమ్మ చెప్పింది గదన్నా."

"డాక్టర్లు చెప్తారు," అనేవాడు, డాక్టర్లందరినీ తనే చదివించినట్టు.

అయినా రెండు నెలలు బాగానే గడిచింది. దానికి కారణం ఆయన కాదు, అక్కడున్న నర్సమ్మ. ఆడవాళ్ళం వెళితే ఆమే తెర వెనక ఆకుపచ్చ గౌను ఇచ్చి, మెడ దగ్గర నాడాలు కట్టి పంపేది. ఆ గౌను చేతులు మోచేతికి కాస్త పైన ఆగేవి, కింద మోకాళ్ళ దాకా వచ్చేది, నడుము వెనక తెరిచి ఉండేది. నా జబ్బు ఉన్నచోటే తెరిచి, లేనిచోటు మూసి, నాకోసమే కత్తిరించినట్టుండేది. లైటు మొదట్లో పది లెక్కపెట్టేలోగా ఆరిపోయేది. ప్రతిసారీ కాస్త కాస్త పెంచుతూ పోయి, ఆ రెండు నెలల చివరికి నాలుగైదు నిమిషాలకు వచ్చింది. మోకాళ్ళ కింద పొలుసులు పలచబడ్డాయి. నాకు ఆశ పుట్టింది. మనిషి కళ్ళు మూతపడేది సరిగ్గా అప్పుడే.

ఒక శుక్రవారం నర్సమ్మ సెలవు పెట్టింది. మెషిను మనిషి తెర పక్కనుంచి గౌను లోపలికి అందించాడు. అది మేము వేసుకునే గౌను కాదు. చేతులు లేవు. మెడ భుజాల దాకా వెడల్పుగా ఉంది.

"అన్నా, ఇది వేరేది గదా?"

"అది ఉతికేదానికి పోయినాదమ్మా. ఇదీ గౌనే. ఐదు నిమిషాల పనికి గౌనేదైతే ఏమి? బిరీన రామ్మా, బస్సు పోతాది నీకు."

బస్సు పోతుందన్న మాట పనిచేసింది. నేను తొడుక్కున్నాను. రోజుకు వందల చొక్కాల మెడలు వేలితో తడిమి చూసేదాన్ని, నా మెడ తెరుచుకుని ఉందని చూసి కూడా ఆ పెట్టెలోకి పోయి తలుపు వేసుకున్నాను. ముఖానికి తువ్వాలు, కళ్ళకు రబ్బరు బ్యాండు అద్దాలు. మిగతాది దేవుడి మీద వదిలేశానని చెప్పుకుంటే గౌరవంగా ఉంటుంది. నిజానికి వదిలింది ఆ ఫోను మనిషి మీద.

బస్సులో మెడ వెచ్చగా అనిపించింది. ఇంటికి చేరేసరికి భుజాలు, మెడ కింద భాగం ఎర్రగా కందాయి. మర్నాటికి పైట తగిలితే మంట. పాత గౌను చేతుల అంచు ఎక్కడుండేదో ఇంచీటేపు పెట్టి కొలిచినట్టు తెలుస్తోంది: దానికి కింద ఏమీ లేదు, దానికి పైన ఎర్రటి పట్టీ. రెండు నెలలుగా అలవాటుపడ్డ చేతులకు ఏమీ కాలేదు. ఏ పాపమూ ఎరుగని మెడ కాలింది.

మా ఆయన గులాబీలు పండిస్తాడు. హోసూరు పూల వ్యాపారులకు వేస్తాడు. షెడ్డు మీద నీడవల ఉంటుంది. ఎండాకాలం పొద్దున పది కాగానే దాన్ని లాగడం ఆయనకు సంధ్యావందనం లాంటిది. ఒకసారి కూలివాళ్ళు సగం లాగి వదిలేస్తే రెక్కల అంచులు నల్లబడ్డాయని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అలాంటి మనిషి నా మెడ చూశాడు.

"ఏంటికి ఇంత ఎర్రగా ఉండాది?"

"గౌను మార్చినారు."

"గౌను మారిస్తే కాలతాదా?"

"వల సగం లాగితే నీ పూలు కాలలేదా?"

ఆయన లేచి నీళ్ళ గిన్నె తెచ్చాడు. నేను గెలిచాననుకున్నాను. చల్లనీళ్ళలో గుడ్డ ముంచి పిండి నా మెడ మీద వేస్తూ మెల్లగా అన్నాడు. "పూలకి నోరు లేదు. నీకు ఉండాది గదా. ఏంటికి అడగలేదు నువ్వు?"

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నాతో అన్న మాటల్లో ఇంత సూటిగా తగిలింది మరొకటి లేదు. కోపం వచ్చింది, ఆయన మీద కాదు. ఆదివారమంతా నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టడంలో నాకు అనుభవం ఉంది కనుక బాగానే తిట్టుకున్నాను.

సోమవారం మళ్ళీ కృష్ణగిరి పోయాను, లైటుకు కాదు, మాట్లాడడానికి. నర్సమ్మ ఇంకా సెలవులోనే ఉంది. బెంచీ మీద బర్గూరు నుంచి వచ్చే మనిషి కూర్చుని ఉన్నాడు. గ్రానైట్ రాళ్ళకు పాలిష్ పట్టే పని ఆయనది. అరచేతులు, అరికాళ్ళు పగిలి పొలుసులు లేచేవి. చాలాసార్లు చూశాను కానీ ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ రోజు ఆయన ముఖం చూసి ఆగిపోయాను. నుదురు, ముక్కు నల్లగా మాడి, చెంపల మీద తోలు ఊడుతోంది. కళ్ళు ఎర్రగా నీళ్ళు కారుతున్నాయి.

"నీకు జబ్బు చేతులకి గదన్నా? ముఖానికి ఏమైనాది?"

"లైటేమ్మా. చేతులకే అన్నారు. పెట్టె ఒకటే గదా, అందులో నిలబడుకుంటే అంతా పడతాది."

"ముఖానికి ఏమీ కప్పలేదా?"

"ఏమీ ఇయ్యలేదమ్మా."

"కళ్ళద్దాలు?"

"అవి నిలబడవు నాకు. జారిపోతాయి. కండ్లు మూసుకో, చాలు అన్నాడు. లైటుకి పోయిన రోజు సాయంత్రానికి కండ్లల్లో ఇసక పోసినట్ల ఉంటాది. రాతి దుమ్మేమో అనుకున్నాను." ఆయన గొంతు తగ్గించాడు. "ముఖం కాలినాది అంటే, మందు బాగా పట్టినాదని చెప్పినాడప్పా."

అంత కాలినా ఆయన ముఖంలో ఫిర్యాదు లేదు. తనకు మంచి జరుగుతోందని నమ్మి, ఆ మంటను మందులాగే మింగాడు. నా మెడ గురించి రాని కోపం ఆయన కళ్ళు చూశాక వచ్చింది.

మెషిను మనిషి తలుపు తీసి, "రాప్పా" అని ఆయన్ని పిలిచాడు.

"రాడు," అన్నాను.

"ఏమ్మా?"

పైట కాస్త పక్కకు తీసి మెడ చూపించాను. మెషిను మనిషి దాన్ని చూసి, దోశ కొంచెం మాడిందన్నంత తేలికగా పెదవి విరిచాడు.

"కాస్త ఎర్రబడితేనేమ్మా మందు పట్టినట్ల."

"నా మెడకి జబ్బు లేదు గదన్నా. దానికి ఏ మందు పట్టినాది?"

ఆయన చేతిలో ఫోను మోగింది, కానీ తీయలేదు. ఆ మాత్రం మర్యాద ఆయనలో చూడడం అదే మొదటిసారి.

"గురువారం మేడం వచ్చేదాకా మేమిద్దరం ఆ పెట్టెలోకి రాము," అన్నాను. బర్గూరు మనిషి నా వంక, ఆయన వంక చూశాడు. దీనికోసం సగం రోజు పని పోగొట్టుకుని వచ్చినవాడు. వద్దంటే వైద్యం ఆపేస్తారేమోనని భయం. అయినా లేచి నా పక్కన నిలబడ్డాడు.

గురువారం డాక్టరమ్మ నా మెడను, ఆయన ముఖాన్ని చాలాసేపు చూసింది. ఆయన్ని అప్పుడే కంటి డాక్టరు దగ్గరికి చీటీ రాసి పంపింది. తర్వాత నాకు, మొదటి రోజు మింగేసిన సగం మాట చెప్పింది. రోజు రోజుకూ కాస్త కాస్త లైటు పెంచుకుంటూ పోతే, తెరిచి ఉన్న చర్మం దానికి అలవాటు పడుతుందట. కప్పి ఉన్న చర్మానికి అది మొదటి రోజే. దాని మీద ఒకేసారి రెండు నెలల తర్వాతి మోతాదు పడితే కాలకుండా ఎలా ఉంటుంది? ఇంత చిన్న మాట. నా పదహారేళ్ళ ఉద్యోగంలో కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ ఇంతకంటే కష్టమైనవి నేర్పాను.

"అదే రోజు చెప్పాల్సింది మీరు. నేను మొదట్లోనే జాగ్రత్తలన్నీ చెప్పాను కదా," అంది.

"చెప్పినారు మేడం. మా ఫ్యాక్టరీలో కూడా ఒక్క తప్పూ ఉండకూడదని గోడ మీద రాసి ఉండాది. అయినా ప్రతి చొక్కా చూసేదానికి నన్ను పెట్టుకొని ఉండారు."

ఆమె ముఖం కొంచెం ఎర్రబడింది. నాకు జాలి కలగలేదు. ఆమె లేచి మెషిను గదిలోకి నడిచింది. ఆ గదిలో ఆమెను చూడడం నాకు అదే మొదలు. కళ్ళద్దాలు చేతిలోకి తీసుకుని రబ్బరు బ్యాండును వేలితో లాగి చూసింది. అది ఫట్టుమని తెగింది. మెషిను మనిషి, "పేషంట్లు చెప్పినమాట వినరు మేడం" అన్నాడు. ఆమె ఆయన వంక చూసిన చూపుకు తమిళం, కన్నడం, తెలుగు ఏదీ అవసరం లేకపోయింది.

మెడ ఎరుపు పూర్తిగా తగ్గేదాకా నాకు లైటు ఆపారు. బర్గూరు మనిషికీ అంతే. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు మోతాదు తగ్గిస్తామన్నారు. కొత్త కళ్ళద్దాలు తెప్పిస్తామన్నారు. గౌన్ల గురించి అడిగితే, "చూద్దాం" అన్నారు. ఆసుపత్రిలో చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. మా ఫ్యాక్టరీలో టాయిలెట్ తలుపు గడియ గురించి అదే మాట విని చాలా కాలమైంది.

అందుకని నేనే కుట్టాను. హోసూరు బజారులో మందపాటి నల్ల డ్రిల్లు గుడ్డ కొని ఎండలో ఎత్తి పట్టుకుని చూశాను. నేత సందుల్లోంచి సూదిమొనల్లా వెలుతురు కనబడింది. అంటే ఒక్క పొర చాలదు. రెండు పొరలు వేసి చూస్తే చీకటి. కత్తిరించే ముందు రెండుసార్లు ఉతికి ఆరేశాను. ఉతికితే గుడ్డ కుంచించుకుపోయి అంచు వేలెడు పైకి జరిగితే మళ్ళీ అదే కథ కదా. మెడ గొంతు దాకా మూసి, చేతులు జబ్బు మొదలయ్యే చోట కచ్చితంగా ఆగేలా, నడుము వెనక కిటికీలా కత్తిరించి అంచు మడిచి కుట్టాను. బర్గూరు మనిషికి ముఖం, తల, భుజాలు కప్పే ముసుగు, మణికట్టు దగ్గర బిగిసే పొడుగు చేతుల చొక్కా. ముసుగు ముక్కు దగ్గర గాలి ఆడేలా, వెలుతురు దూరకుండా మడత పెట్టడానికి మూడుసార్లు విప్పి కుట్టాల్సి వచ్చింది. మా అత్త పక్కన కూర్చుని అంతా చూసి, "దెయ్యానికి గుడ్డలు కుడతా ఉండావా?" అంది. ఆమె నా జబ్బు గురించి అన్న మాటల్లో కాస్త నవ్వొచ్చింది ఇదొక్కటే.

మళ్ళీ వెళ్ళిన రోజు డాక్టరమ్మ వాటిని మెషిను వెలుగుకు అడ్డం పట్టుకుని గుడ్డ లోపలి వైపు నుంచి చూసింది. బాగున్నాయంది. ముసుగు వేసుకుని కొత్త అద్దాలు సర్దుకుంటూ బర్గూరు మనిషి అన్నాడు. "మా పాలిష్ షెడ్డు కాడ ఇట్లాంటిది ఒకటి ఇచ్చి ఉంటే, ఇన్నేండ్లు ఆ దుమ్ము తినకుండా ఉందును గదమ్మా." ఆయన ఊరికే అన్నాడు.

ఆ తర్వాత గోడ మీద జాగ్రత్తల బోర్డు వెలిసింది, తమిళంలో, ఇంగ్లీషులో. ఇంగ్లీషులో రెండు తప్పులున్నాయి. మెషిను మనిషి మాత్రం మారిపోయాడు. గౌను నాడా వదులుగా ఉంటే నర్సమ్మను పిలిచి మళ్ళీ కట్టించేవాడు. ఎవరైనా ముఖం కప్పుకోకపోతే స్విచ్ ముట్టేవాడు కాదు. ఒకరోజు నేను బెంచీ మీద ఉండగానే, కొత్తగా వచ్చిన ఒక పెద్దాయనకు చెబుతున్నాడు. "బాగుండే తోలుని కాపాడేది రొంబ ముఖ్యమప్పా. ఈ నల్ల గుడ్డ ఏర్పాటు నేనే చేసినాను." నా వంక చూసి కాస్త తడబడ్డాడు. ఆయన అబద్ధం చెప్పినా పని సరిగ్గా చేస్తున్నాడు. నిజాలు చెబుతూ పని పాడుచేసేవాళ్ళను నేను చాలామందిని చూశాను.

వానలు మొదలయ్యేసరికి నా మోకాళ్ళ కింద చర్మం మెత్తబడింది. నడుము దగ్గర మచ్చ మాత్రం మిగిలింది. మోచేతులు మొండికేశాయి. ఇప్పటికీ అంతే. బర్గూరు మనిషి కళ్ళకు ఏ నష్టమూ జరగలేదని కంటి డాక్టరు చెప్పాడు. కొన్నాళ్ళకు ఆయన రావడం మానేశాడు. ఒకసారి కృష్ణగిరి బస్టాండులో కదులుతున్న బస్సు కిటికీలోంచి రెండు అరచేతులూ బయటికి చాపి నాకు చూపించాడు. పగుళ్ళు లేవు. పక్క సీటు మనిషి ఆయన్ని వింతగా చూస్తున్నాడు.

నా మెడ చుట్టూ కాలినచోట నల్లటి పట్టీ మిగిలింది. కొన్ని నెలల్లో పోతుందన్నారు. అది పోకముందే కృష్ణగిరి అవతల పోచంపల్లిలో మా ఆయన వైపు పెళ్ళి వచ్చింది. భోజనాల దగ్గర పక్క ఆకు ముందు కూర్చున్న పెద్దమ్మ ఒకామె నా మెడ చూసింది.

"ఏంటమ్మా అది, మెడంతా నల్లగా?"

"లైట్ వైద్యంలో కాలినాది పెద్దమ్మా."

"నిమ్మకాయ రుద్దు. రుద్ది కాసేపు ఎండలో నిలబడు. రెండు రోజుల్లో తెల్లగా అయిపోతాది."

నిమ్మరసం పూసుకుని ఎండలో నిలబడితే ఉన్న చర్మం కూడా బొబ్బలెక్కుతుందని, డాక్టరమ్మ ప్రత్యేకంగా వద్దన్న వాటిలో అదొకటని, వీలైనంత మర్యాదగా చెప్పాను. ఆమె నన్ను కాక వడ్డించేవాణ్ణి చూస్తోంది. నేను ముగించేలోగా అతన్ని పిలిచి, సగానికి కోసిన నిమ్మకాయ ఒకటి తెప్పించి నా ఆకు అంచున పెట్టించింది.

"ఇప్పుడే పొయ్యి రుద్దుకో. ఎండ బాగా ఉండాది."

నేను దాన్ని తీసుకుని పప్పన్నంలో పిండుకుని తిన్నాను.